షాట్‌గన్ చోక్: ఎంపిక, పరీక్ష, సంరక్షణ

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి కొత్తగా క్లే షూటింగ్‌లోకి, అంటే గాల్లోకి విసిరిన చిన్న పళ్లేలను (క్లేలను) షాట్‌గన్‌తో పగలగొట్టే ఆటలోకి, వస్తున్న కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఏ చోక్ కొనాలె?" దానికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "క్లేను ఎంత దూరంల పగలగొడుతున్నవ్ తమ్మీ?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. చోక్ అంటే తుపాకి గొట్టం చివర్లో సన్నబడే భాగం. దూరం తెలియకుండా దాన్ని కొంటే డబ్బు పోతుంది, స్కోరు మాత్రం పెరగదు. అందుకే దూరం లెక్కతో మొదలుపెట్టి, చోక్ ఎంచుకోవడం, కాగితం మీద పరీక్షించడం, మన వానాకాలంలో తుప్పు పట్టకుండా చూసుకోవడం దాకా వరసగా రాస్తున్నాను.

వేట గురించి ముందే ఒక మాట

ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అడవులు పక్కనే ఉన్న ప్రాంతం మనది. తాతల కాలం నాటి డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉన్నవాళ్లు పిట్టలకు ఏ చోక్, పందులకు ఏ చోక్ అని అడుగుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. కుందేలైనా, కౌజు పిట్టైనా, నెమలైనా కొడితే కేసే. మక్క చేనును అడవి పందులు పాడు చేస్తున్నాయంటే రైతు బాధ నిజమైనదే, కానీ దానికి దారి అటవీ శాఖ అధికారుల రాతపూర్వక అనుమతి. అది లేకుండా లైసెన్స్ తుపాకి ఎత్తినా నేరమే. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చినా అంతే. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అందుకని ఈ మార్గదర్శి ప్రధానంగా క్లే కోసమే. వేటకు చట్టం ఒప్పుకునే దేశాల్లో చోక్ ఎలా ఎంచుకుంటారో మధ్యలో కొంచెం చెబుతాను, ఎందుకంటే పాత తుపాకుల చోక్‌లు ఆ లెక్కతో తయారైనవే.

ఇంకొకటి. మీ లైసెన్స్ మీద చెల్లుబాటు ప్రాంతం ఎక్కడి దాకా రాసి ఉందో చూసుకోండి. వరంగల్ నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ దాదాపు 150 కిలోమీటర్లు. తుపాకి వెంటేసుకుని అంత దూరం బయల్దేరే ముందే ఆ కాగితం సరిగ్గా ఉండాలి.

మొదటి అడుగు: చోక్ ఏం చేస్తుందో అర్థం చేసుకోండి

బ్యారెల్ చివరి కొన్ని సెంటీమీటర్లలో లోపలి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది. ఆ సన్నబడిన భాగమే చోక్. 12 బోర్ (ఇది తుపాకి సైజు పేరు) బ్యారెల్ లోపలి వ్యాసం ప్రామాణికంగా 18.5 మి.మీ. చివర్లో అది 17.5కు తగ్గితే తేడా 1 మి.మీ. దీన్ని ఫుల్ చోక్ అంటారు. తేడా ఏమీ లేకపోతే సిలిండర్. ఈ రెండింటి మధ్య స్కీట్ (ఇదే పేరుతో ఒక ఆట కూడా ఉంది) సుమారు 0.13 మి.మీ., ఇంప్రూవ్డ్ సిలిండర్ 0.25, మాడిఫైడ్ 0.5, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ 0.75. ఇవి అమెరికన్ పేర్లు. ఇంగ్లండ్ లెక్కలో వీటినే క్వార్టర్, హాఫ్, త్రీ క్వార్టర్ అంటారు. కంపెనీని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి.

గుర్తుపెట్టుకోవాల్సిన అసలు సంగతి: చోక్ అంటే బ్యారెల్‌కు, దాని మూతికి మధ్య ఉన్న తేడా. మూతి వ్యాసం ఒక్కటే కొలిస్తే ఏమీ తెలియదు. 18.7 మి.మీ. బోర్ (గొట్టం లోపలి వ్యాసం) ఉన్న కొత్త తుపాకిలో 18.2 మూతి మాడిఫైడ్ అవుతుంది. అదే మూతి 18.4 బోర్ తుపాకిలో ఇంప్రూవ్డ్ సిలిండర్ కన్నా కూడా వదులు. మూతిలో నాణెం పెట్టి చోక్ చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగు చేసేవాడు) దగ్గర రెండు చోట్లా కొలిపించండి.

పాత లెక్క ప్రకారం 40 గజాల దగ్గర, అంటే సుమారు 37 మీటర్ల దగ్గర, 30 అంగుళాల వలయంలో ఎన్ని పెల్లెట్లు (తూటాలోని చిన్న గుండ్లు) పడ్డాయో చూస్తారు. సిలిండర్‌తో సుమారు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 50, మాడిఫైడ్‌తో 60, ఫుల్‌తో 70. దగ్గరి దూరంలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 18 మీటర్ల దగ్గర సిలిండర్ పెల్లెట్ల గుంపు దాదాపు 80 సెం.మీ. వెడల్పు ఉంటే, ఫుల్‌ది అందులో సగమే. అంటే క్లేలను దగ్గర్లోనే కొట్టే స్కీట్ ఆటలో ఫుల్ చోక్ వేసుకున్నవాడు తన పెల్లెట్ల గుంపు వెడల్పును తానే సగానికి తగ్గించుకున్నట్టు.

రెండో అడుగు: మీ తుపాకిలో ఏ చోక్ ఉందో తెలుసుకోండి

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 12 బోర్ తుపాకులు, పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెళ్లలో చోక్ బ్యారెల్‌లోనే కోసి ఉంటుంది, మార్చే వీలు లేదు. డబుల్ బ్యారెల్‌లో సాధారణంగా ఒక గొట్టం వదులుగా, రెండోది బిగువుగా ఉంటుంది. లేచే పక్షిని దగ్గర్లో మొదటి దెబ్బతో, దూరం పోయాక రెండోదాంతో కొట్టాలన్న ఆలోచనతో చేసిన ఏర్పాటు అది. ఇంగ్లండ్‌లో ఈనాటికీ 25 నుంచి 35 మీటర్ల లోపు ఫెజెంట్ పక్షులకు క్వార్టర్, హాఫ్ జోడీనే ఎక్కువమంది వాడతారు.

పాత తుపాకుల్లో మూడు విషయాలు చూడాలి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు 65 మి.మీ. అని రాసి ఉంటే అందులో 70 మి.మీ. తూటా పెట్టొద్దు. లోపలికి దూరినట్టే ఉంటుంది, కానీ పేలాక తూటా డొల్ల నోరు విచ్చుకునే చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. రెండోది, ఎవరైనా బ్యారెల్ కోసి పొట్టి చేసి ఉంటే చోక్ ఆ ముక్కతోనే పోయింది. మిగిలింది సిలిండరే. పైగా లైసెన్స్ లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం ఆయుధ చట్టం కింద నేరం. మూడోది, పాత ఫుల్ చోక్‌లు ఫెల్ట్ వాడ్ కాలంలో చేసినవి (వాడ్ అంటే తూటాలో మందుకు, పెల్లెట్లకు మధ్య ఉండే అడ్డు). ఇప్పటి ప్లాస్టిక్ కప్పు వాడ్ పెల్లెట్లను గొట్టం గోడలకు రాసుకోకుండా కాపాడుతుంది కాబట్టి అదే తుపాకి ఇప్పుడు ఇంకా బిగువుగా కొట్టొచ్చు.

స్క్రూ చోక్ తుపాకి, అంటే చోక్‌ను మరలతో బిగించే విడి ట్యూబ్‌గా మార్చుకునే తుపాకి అయితే, ఆ ట్యూబ్ అంచు మీద గాట్లు ఉంటాయి. బెరెట్టా లాంటి కంపెనీల లెక్కలో ఒక గాటు ఫుల్, రెండు ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, మూడు మాడిఫైడ్, నాలుగు ఇంప్రూవ్డ్ సిలిండర్, ఐదు సిలిండర్. బిగించి ఉన్నా పై నుంచి కనిపిస్తాయి కాబట్టి ప్రతి రౌండ్‌కూ ముందు, తుపాకి తెరిచి ఖాళీ అని చూసుకున్నాక, ఒకసారి చూసుకునే అలవాటు చేసుకోండి.

ట్యూబ్ కొనేటప్పుడు కంపెనీ పేరు చూస్తే సరిపోదు. బెరెట్టాలోనే మొబిల్ చోక్ వేరు, ఆప్టిమా చోక్ వేరు. బ్రౌనింగ్‌లో ఇన్వెక్టర్ వేరు, ఇన్వెక్టర్ ప్లస్ వేరు. ఒకదానిది ఇంకోదానికి వేయకూడదు. బ్యారెల్ మీద ఏ పేరు చెక్కి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి.

మూడో అడుగు: దూరం లెక్క

ఒలింపిక్ ట్రాప్ ఆటలో షూటర్ క్లేలు విసిరే మెషీన్ల గుంత వెనకాల 15 మీటర్ల దగ్గర నిలబడతాడు. క్లే 76 మీటర్ల దాకా పోయే వేగంతో ముందుకు దూసుకెళ్తుంది. మీరు పిలిచి, చూసి, కదిలి, నొక్కే లోపు అది మీ నుంచి 30 మీటర్లు దాటి ఉంటుంది. కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ. రెండో దెబ్బ 40 మీటర్ల దగ్గర పడుతుంది.

స్కీట్ దీనికి పూర్తిగా వేరు. హై హౌస్, లో హౌస్ అనే రెండు క్లే విసిరే గదుల నుంచి వచ్చే క్లేలు కలిసే చోటు, షూటర్ నిలబడే స్టేషన్ 1 నుంచి 7 దాకా అన్నింటికీ సుమారు 19 మీటర్ల దూరమే. స్టేషన్ 8లో అయితే క్లే మీ ముఖం మీదికి వచ్చినంత దగ్గర. సరదాగా ఆడే స్పోర్టింగ్ క్లేస్‌లో పది మీటర్లలో నేల మీద దొర్లే కుందేలు క్లే నుంచి 40 మీటర్లలో అడ్డంగా పోయే క్రాసర్ దాకా అన్నీ ఉంటాయి.

మీ సొంత దూరం తెలుసుకోవాలంటే ఒక స్నేహితుడిని పక్కన నిలబెట్టి క్లే పగిలిన చోటును గుర్తుపెట్టమనండి. రౌండ్ అయ్యాక, రేంజ్ ఆఫీసర్ అనుమతిస్తే, టేపు పట్టుకుని నడిచి కొలవండి. ముక్కలు ముందుకు జారి పడతాయి కాబట్టి నేల మీద పడ్డ ముక్కలు చూసి లెక్క వేయొద్దు. వీడియో తీస్తే ఇంకా నయం. ఒక్కో స్టేషన్‌లో కొన్నేసి క్లేలు చూస్తే మీ లయ ఏమిటో తెలిసిపోతుంది. త్వరగా నొక్కేవాడికి, నిదానంగా నొక్కేవాడికి ట్రాప్‌లో నాలుగైదు మీటర్ల తేడా వస్తుంది, దాంతో ఒక చోక్ మెట్టు మారిపోతుంది.

నాలుగో అడుగు: ఎంపిక

స్కీట్‌కు సిలిండర్ లేదా స్కీట్. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ట్రాప్‌కు మొదటి గొట్టంలో మాడిఫైడ్ లేదా ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, రెండోదాంట్లో ఫుల్. ట్రాప్‌లో ఇంత బిగువు ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది. క్లే వ్యాసం 11 సెం.మీ., ఎత్తు రెండున్నర సెం.మీ. పైచిలుకు. పూర్తి పళ్లెంలా మీ వైపు తిరిగి ఉంటే 95 చదరపు సెం.మీ. వైశాల్యం దొరుకుతుంది. కానీ ట్రాప్‌లో అది దూరంగా పోతూ అంచు మాత్రమే చూపిస్తుంది, అంటే పాతిక చదరపు సెం.మీ. చిల్లర. 24 గ్రాముల తూటాలో (ఈ బరువు పెల్లెట్లది) 2.4 మి.మీ. పెల్లెట్లు సుమారు 300 ఉంటాయి. ఫుల్ చోక్‌తో అందులో 70 శాతం, అంటే 210, 75 సెం.మీ. వలయంలో పడ్డాయనుకుంటే ఆ అంచుకు సగటున ఒకటి కన్నా కాస్త ఎక్కువ తగులుతాయి. సిలిండర్‌తో అదే లెక్క ఒకటికీ తక్కువే. గుంపు మధ్యలో చిక్కగా ఉంటుంది కాబట్టి నిజంగా కొంచెం మెరుగ్గానే ఉంటుంది. అయినా తుపాకి సరిగ్గా పట్టి, సరిగ్గా నొక్కినా క్లే చెక్కుచెదరకుండా పోవడం ఎలా సాధ్యమో దీంతో అర్థమవుతుంది.

స్పోర్టింగ్ క్లేస్‌కు ఒక గొట్టంలో ఇంప్రూవ్డ్ సిలిండర్, ఇంకోదాంట్లో మాడిఫైడ్ వేసి వదిలేయండి. ప్రతి స్టాండ్ దగ్గరా చోక్ మార్చేవాళ్లను చూసి టెన్షన్ పడొద్దు. మొదటి రెండేళ్లు ఆ సమయాన్ని క్లే దారి చదవడానికి వాడుకుంటే లాభం.

తూటా కూడా చోక్‌లో సగం అనుకోండి. ఒలింపిక్ పోటీల్లో 24 గ్రాములు, పెల్లెట్ 2.6 మి.మీ. మించకూడదు. ట్రాప్‌కు 2.4, స్కీట్‌కు 2.0 మి.మీ. బాగా నప్పుతాయి. 2.0 మి.మీ. అయితే అదే 24 గ్రాములకు 500 దాకా పెల్లెట్లు వస్తాయి. మెత్తటి సీసం పెల్లెట్లు కాల్పు ఒత్తిడికి సొట్టపడి పక్కకు పోతాయి, గట్టి సీసం గుంపుగా ఉంటుంది. అందుకే ఒకే చోక్ రెండు బ్రాండ్ల తూటాలతో రెండు రకాలుగా కొడుతుంది. తూటా డబ్బా మీది నంబరు కన్నా మి.మీ. చూడండి. ఇంగ్లిష్ ఏడున్నరకు, అమెరికన్ ఏడున్నరకు సైజు ఒకటి కాదు. మన మే నెల ఎండకు తూటాల డబ్బా కారు డిక్కీలో వదిలేయొద్దు, వేడెక్కిన మందు ఒత్తిడిని పెంచుతుంది.

బిగువు చోక్‌లో సింగిల్ బాల్ లేదా స్లగ్ (ఒకే పెద్ద గుండు ఉన్న తూటా) పెట్టకూడదు. స్టీల్ పెల్లెట్లు పాత తుపాకుల్లో వాడనే వద్దు, కొత్తవాటిలో ట్యూబ్ మీద స్టీల్‌కు అనుమతి రాసి ఉంటేనే.

ఐదో అడుగు: కాగితం మీద చూడండి

ఈ అడుగును దాదాపు అందరూ దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ట్యూబ్ మీద ఏం రాసి ఉన్నా, మీ తుపాకి, మీ తూటా కలిసి ఏం చేస్తాయో కాగితమే చెబుతుంది. చేనులో, చెరువు గట్టు మీద ఈ పని చేయొద్దు. రేంజ్‌లో అడిగి అనుమతి తీసుకోండి.

నాలుగడుగుల చదరం కాగితం కావాలి. వరంగల్‌లో ప్యాకింగ్ కాగితం చుట్టలు ఎక్కడైనా దొరుకుతాయి, రెండు ముక్కలు పక్కపక్కన అంటించుకోవచ్చు. మధ్యలో అరచేతంత నల్ల చుక్క పెట్టండి. మీరు మూడో అడుగులో కొలిచిన దూరం దగ్గర నిలబెట్టండి, పుస్తకంలో ఉన్న 37 మీటర్లు మీకు పనికిరాకపోవచ్చు. తుపాకిని క్లేకు ఎత్తినట్టే భుజానికి ఎత్తి కాల్చండి, రైఫిల్‌లా గురి చూస్తూ నిలబడొద్దు. ఒక్కో కాగితానికి ఒక్కటే దెబ్బ. ఒక్కో చోక్, తూటా జోడీకి కనీసం ఐదు కాగితాలు. ప్రతి కాగితం మూలలో గొట్టం, చోక్, తూటా, దూరం రాసి పెట్టండి, లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియదు.

ఇంట్లో కాగితం నేల మీద పరిచి, పెల్లెట్లు అన్నిటికన్నా చిక్కగా పడ్డ చోటు చూసి, అది కేంద్రంగా దారం కట్టిన పెన్సిల్‌తో 75 సెం.మీ. వలయం గీయండి. లోపలి రంధ్రాలు లెక్కపెట్టి తూటాలోని మొత్తం పెల్లెట్లతో భాగించండి. ఒక తూటా కోసి పెల్లెట్లు లెక్కపెట్టే ఆలోచన వద్దు. డబ్బా మీది బరువు, సైజుతో లెక్క వేసుకుంటే చాలు.

శాతం కన్నా ముఖ్యమైనవి రెండు. ఒకటి, ఖాళీలు. అట్టముక్కను క్లే పక్క నుంచి కనిపించే ఆకారంలో, 11 సెం.మీ. పొడవు, రెండున్నర వెడల్పు కత్తిరించి వలయంలో అటూ ఇటూ జరపండి. అట్ట ఒక్క రంధ్రం కూడా తాకకుండా దాక్కునే చోట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఐదు కాగితాల్లోనూ అలాంటివి చాలా కనిపిస్తే ఒక మెట్టు బిగువు చోక్ వేయండి, లేదా తూటా మార్చండి. స్కీట్ దూరంలో దీనికి తిరగేసి, మధ్యలో చేతి వెడల్పంత చోట పెల్లెట్లన్నీ కుప్పపడి అంచులు ఖాళీగా ఉంటే చోక్ వదులు చేయండి. రెండోది, గుంపు కేంద్రం. అది నల్ల చుక్కకు పక్కగా పడుతుంటే ముందు తుపాకి అమరిక చూపించండి. కానీ ఒక చోక్‌తో నేరుగా, ఇంకో చోక్‌తో పక్కకు పడుతుంటే ఆ రెండో ట్యూబ్ వంకర. దాన్ని పక్కన పెట్టేయండి.

ఆరో అడుగు: సంరక్షణ

ఏ పని మొదలుపెట్టే ముందైనా తుపాకి తెరిచి రెండు ఛాంబర్లూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూడండి, వేలితో తడమండి. ఆ తర్వాతే చోక్ ముట్టుకోండి.

రౌండ్లు అయ్యాక బ్యారెల్ చల్లారనిచ్చి, ఆ రోజే ట్యూబ్ విప్పండి. రేపు చూద్దామని వదిలేసిన మసి, కరిగి అంటుకున్న ప్లాస్టిక్ గట్టిపడి ట్యూబ్‌ను పట్టేస్తాయి. గన్ సాల్వెంట్‌లో కాసేపు నానబెట్టి నైలాన్ లేదా ఇత్తడి బ్రష్‌తో లోపల రుద్దండి. బయటి మరలకు పాత టూత్‌బ్రష్ చాలు. బ్యారెల్ లోపలి మరలను మాత్రం చాలామంది మరిచిపోతారు. అక్కడ ఇరుక్కున్న ఇసుక రేణువు కొత్త ట్యూబ్ మరను కూడా కోసేస్తుంది. పుల్లకు మెత్తటి గుడ్డ చుట్టి, బ్యారెల్ మూతి కిందికి వంచి పట్టుకుని తుడవండి, మురికి లోపలికి పోకుండా.

ఆరాక మరలకు చోక్ గ్రీజు పలుచగా రాయండి. మెరిసేంత చాలు. ఎక్కువైతే వేడికి కరిగి బోర్‌లోకి వస్తుంది. చేత్తో తిప్పుతూ బిగించి చివర్లో కీతో కొంచెం బిగువు ఇవ్వండి. మధ్యలో పట్టినట్టు అనిపిస్తే ఆపి విప్పి మళ్లీ మొదలుపెట్టండి, బలం వాడొద్దు. బిగించాక ఛాంబర్ వైపు నుంచి వెలుతురుకు పట్టి చూడండి. ట్యూబ్ లోపలి అంచు బోర్‌లోకి మెట్టులా పొడుచుకు వచ్చినట్టు కనిపిస్తే ఆ ట్యూబ్ మీ తుపాకిది కాదు, దాంతో కాల్చొద్దు. కాల్పులకు మరలు వదులవుతుంటాయి కాబట్టి ప్రతి 25 క్లేల రౌండ్ తర్వాత, తుపాకి ఖాళీ చేసి, ఒకసారి తిప్పి చూడండి. స్క్రూ చోక్ తుపాకిని ట్యూబ్ లేకుండా ఎప్పుడూ కాల్చకూడదు, బ్యారెల్ మరలు నాశనమవుతాయి, గొట్టం మూతి ఉబ్బే ప్రమాదమూ ఉంది.

జూన్ నుంచి అక్టోబర్ దాకా మన గాల్లో తేమ ఎక్కువ. తుపాకిని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేవాళ్లు మన వైపు చాలామంది. తోలు తేమను పీల్చి ఉక్కు పక్కనే అట్టిపెడుతుంది. బయట పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో ఉంచి, నెలకోసారి ట్యూబ్ విప్పి చూడండి. కొబ్బరి నూనె, నువ్వుల నూనె రాయొద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారి మరల్లో పేరుకుంటాయి. తుపాకి నూనెనే వాడండి. పలుచటి స్ప్రేలు మురికి వదలగొట్టడానికి బాగుంటాయి గానీ వాన సీజన్ అంతా కాపాడేంత పొర వాటితో నిలవదు.

ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ తుపాకులను పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. వారాల తరబడి మీ చేతిలో ఉండదు. ఇచ్చే ముందు ట్యూబ్ విప్పి, మరలకు మామూలు కన్నా కొంచెం మందంగా గ్రీజు పెట్టి, తిరిగి బిగించండి. బోర్ అంతా నూనె గుడ్డ పోనివ్వండి. మూతిలో గుడ్డ కుక్కి ఇవ్వొద్దు, అది తేమ పీలుస్తుంది, తర్వాత మరిచిపోయి కాల్చితే బ్యారెల్ పగులుతుంది. తిరిగి తెచ్చుకున్న రోజు మొదట చేయాల్సింది బోర్ లోపల చూడటం. గోడ కన్నాల్లో మట్టి గూడు కట్టే కందిరీగలకు తుపాకి గొట్టం కూడా కన్నమే. ఆ తర్వాత నూనె తుడిచేసి, ట్యూబ్ విప్పి చూడండి.

ట్యూబ్ ఇరుక్కుపోతే పట్టకారు పెట్టి తిప్పొద్దు. ట్యూబ్ అంచు చుట్టూ నూనె దిగేలా బ్యారెల్‌ను వాల్చి, తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ కంపెనీ కీతోనే, గాటుల్లో పూర్తిగా కూర్చోబెట్టి, నిదానంగా బలం పెంచుతూ తిప్పండి. కదలకపోతే ఇంకో రాత్రి. అప్పటికీ రాకపోతే లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. వెల్డింగ్ షాపులో మంట పెట్టించడం వల్ల బ్యారెల్ గట్టిదనం పోతుంది.

ట్యూబ్ గోడ చాలా పలుచన. సిమెంటు నేల మీద జారి పడితే కంటికి కనిపించకుండానే గుండ్రం తప్పుతుంది. పడ్డ ట్యూబ్‌ను చేత్తో బ్యారెల్‌లోకి తిప్పి చూడండి, ఎప్పటిలా సాఫీగా పోకపోతే మళ్లీ వాడొద్దు. అంచున పగులు, లోపల ఉబ్బిన వలయం, చదునైన మరలు, వీటిలో ఏది కనిపించినా దాన్ని బాగు చేయించాలని చూడకుండా కొత్తది కొనండి, పాతదాన్ని ఎవరూ పొరపాటున బిగించుకోకుండా పెట్టెలోంచి తీసేయండి.